అల్యూమినియము కోతయందు నిదానము

మన యిండ్లలో సత్తు గిన్నె నెరుగనివారు లేరు. కొన్ని సీమలలో దానినే సిల్వరు గిన్నె యందురు. పేరు సిల్వరైనను అందు వెండి లేశమైనను లేదు, అది అల్యూమినియము. ఈ లోహము భూమియందు విస్తారముగా నున్నను, దానిని చౌకగా వేరుచేయు నుపాయము 1886 వ సంవత్సరము వరకు మనుష్యులకు దొరకలేదు. ఆ యేట అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాలును, ఫ్రాన్సు దేశమున పాల్ ఎరూయును, ఒకరి సంగతి యొకరెరుగకయే, విద్యుచ్ఛక్తి సహాయముతో దానిని వేరుచేయు మార్గమును కనుగొనిరి. ఇద్దరును 1863 లో జన్మించినవారు. అనగా నప్పటికి ఇరువదిమూడేండ్లు మించని యువకులు. మన ప్రాంతముతో దీనికి సంబంధము వెంటనే కలిగినది. కోస్తా జిల్లాలు చెన్నపట్టణపు రాజధానిలో చేరియున్న కాలమున, 1898 లో, చెన్నపట్టణపు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ అనువారు అల్యూమినియము పాత్రలు చేయించుట కారంభించిరి.

రేకును సాగగొట్టి గిన్నె చేయుట యొక విద్య. దళసరి పలకను నునుపైన యంచుతో కోయుట మరియొక విద్య. ఈ రెండవదానిని గూర్చియే నేను కొంత వ్రాయదలచితిని. కొన్ని మాసములుగా మా యింటి వసారాలో నున్న చిన్న యంత్రముతో ఆ పని చేయుచు, చేతితో నెంత నేర్చుకొంటినో లెక్కతోను అంతయే నేర్చుకొంటిని. లెక్కల తరగతి యెందులకని యడుగు విద్యార్థులకు ఈ వ్యాసము కొంత జవాబు కావచ్చును.

ఆ యంత్రమును సి. ఎన్. సి. రౌటరందురు. బల్లపై ఒక చట్రము ముందు వెనుకలకును, దానిమీద నొక బండి కుడి యెడమలకును, ఆ బండిపై నొక మోటారు క్రిందు మీదులకును కదలును. మోటారు కొన యందు కటరు గిరగిర తిరుగుచుండును. ఈ మూడు కదలికలను కంప్యూటరు నడపును. కోయవలసిన రూపమును మనము గీసి యిచ్చినచో, అది యక్షరములుగను అంకెలుగను మారి యంత్రమునకు చేరును. ‘జి 1 ఎక్స్ 50 ఎఫ్ 900’ అను పంక్తికి అర్థము, “నిమిషమునకు 900 మిల్లీమీటర్ల వేగముతో 50 అను స్థానమునకు తిన్నగా పొమ్ము” అని. ఇట్లు అంకెలచే నడుపబడిన మిల్లింగు యంత్రమును 1952 లో అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయమువారు లోకమునకు చూపిరి. అది గదిలో పట్టని యంత్రము. నేడు దాని పిల్ల భోజనపు బల్లమీద నిమిడిపోవుచున్నది.

కాని యీ పిల్ల యంత్రమునకు తల్లి బలము లేదు. కర్మాగారపు యంత్రము పోత యినుముతో టన్నుల బరువుండును, నెట్టిన కదలదు. మా యంత్రము అల్యూమినియపు దూలములతోను, చిన్న చక్రములతోను కూర్చినది. కొయ్యయందు అది చక్కగా చెక్కును. లోహమును తాకించినంతనే వణకును. ఈ వణకును గెలుచుటయే యిందలి కష్టమంతయు.

నేను లోహమునకు పూనుకొనుటకు కారణము మా పెద్దమ్మ. ఆమెకు పక్షవాతముచే ఎడమ కాలు స్వాధీనము తప్పినది; చక్రాల కుర్చీలో తిరుగును. ఇరువదియేండ్ల మధుమేహముచే రెండు పాదములయందును స్పర్శ తగ్గినది. దీర్ఘకాలపు మధుమేహము పాదముల నరములను ఇట్లు మొద్దుబార్చుట కలదు. అట్టివారికి ముల్లు గుచ్చుకొన్నను తెలియదు. చిన్న గీరుడు తెలియకయే పుండగును. పుండు మానక కాలికే మోసము తెచ్చును. కావుననే వైద్యులు ప్రతిదినమును పాదములను కంటితో పరీక్షింపుమని చెప్పుదురు. ఆమె కుర్చీ పాదపీటలు ప్లాస్టికువి. ఒకటి కీలు దగ్గర విరిగెను, రెండవదియు బీటవారెను. అంగడివారు పీటలు మాత్రము విడిగా దొరకవనిరి. ఆరు మిల్లీమీటర్ల దళసరి అల్యూమినియపు పలకతో రెండు పీటలు కోసి యిచ్చుట నా పని యైనది.

చదువరులు గ్రహింతురు గాక: ఇచ్చట అంచు నునుపుగా నుండుట అందము కొరకు కాదు. నొప్పి యెరుగని పాదము దానిపై దినమెల్ల ఆనియుండవలెను. చేతి కందని చిన్న కొస యొకటి మిగిలినను ఆ పాదము “అబ్బా” యని చెప్పదు.

యంత్రముతో పాటు వచ్చిన కాగితములో అల్యూమినియమునకు ఇన్ని చుట్లు, ఇంత నడక అని యొక పట్టిక గలదు. దాని ప్రకారము రెండంచుల కటరు నిమిషమునకు 20,000 చుట్లు తిరుగవలెను. 400 మిల్లీమీటర్లు నడవవలెను. పీటలకు పూనుకొనక మునుపు ఒక తునకపై దానిని పరీక్షించితిని. యంత్రము చెవులు చిల్లులు పడునట్లు కీచుమనెను. కోత గాడినుండి తురుమునకు బదులు బూడిదవంటి పొడి లేచెను. జానెడు దూరము పోకమునుపే కటరు గాడులలో లోహము కరగి యంటుకొన్నట్లు పూడుకొనిపోయెను. కోసిన అంచు ఎలుక కొరికినట్లుండెను.

చూచినవారందరును ఒకే సలహా యిచ్చిరి: “ఇంకను మెల్లగా నడుపుము.” నిదానమే ప్రధానమని మన పెద్దల మాట కదా. ఆ సలహా నమ్మదగినదో కాదో తెలిసికొనుటకు ముందు లెక్క వేయవలసి వచ్చెను. ఆ లెక్క యిది. నడక వేగమును చుట్ల సంఖ్యచేతను, మరల కటరు అంచుల సంఖ్యచేతను భాగింపగా, ఒక్కొక్క అంచు ఒక్కొక్క చుట్టులో కొరుకు మందము వచ్చును. 400 ని 20,000 చేతను, మరల 2 చేతను భాగింపుడు: 0.01 మిల్లీమీటరు. మన తలవెంట్రుక మందము సుమారు 0.07 మిల్లీమీటరు. అనగా ఆ యంచు వెంట్రుకలో ఏడవ వంతు మాత్రమే కొరుకుచున్నదన్న మాట.

అంత పలుచగా కోయుట మంచిదే కదా యని తోచును. కాని ఏ కత్తి యంచును గణితములోని గీతవలె శూన్యమైన మందము గలది కాదు. సూక్ష్మదర్శినిలో చూచిన నది గుండ్రని గట్టువలె నుండును. కోయవలసిన పొర ఆ గట్టుకంటె పలుచనైనచో అంచు లోపలికి దిగదు; మీదనే రాచుకొని పోవును. మొద్దుబారిన కత్తిపీటపై పండిన టొమేటోను ఆనించి సందేహముతో నొత్తినప్పుడు జరుగునదేమి? తొక్క తెగదు, కాయ చితికిపోవును. రాపిడిచే వేడి పుట్టును. వేడికి మెత్తబడిన అల్యూమినియము కటరు నంటుకొనును. అంటినదానికి మరికొంత అంటును. పిమ్మట కోయుచున్నది కటరు కాదు, దాని నంటియున్న ముద్ద. యంత్రపు బలహీనతచే చట్రము కొంచెము వెనుకకు వంగుటవలన ఆ 0.01 కూడ పూర్తిగా నిలువదు. ఇంకను మెల్లగా నడిపినచో ఈ యవస్థ హెచ్చునే కాని తగ్గదు.

కావున మొదటి మార్పు కటరు. రెండంచులది తీసి, గాడి విశాలముగా నుండి నిగనిగలాడు ఒంటి యంచు కార్బైడు కటరును పెట్టితిని. దాని వ్యాసము ఆరు మిల్లీమీటర్లు. అంచు ఒకటే గనుక తురుము పోవుటకు చోటు హెచ్చు. కటర్లకు పసుపు నలుపు వన్నెల పూతలుండును. వానిలో కొన్నిటియందు అల్యూమినియమే కలసియుండును. లోహము తన వంటిదానికే తొందరగా నంటును గనుక అట్టి పూతలు ఈ పనికి కూడవు. పూత లేనిదియే మేలు. చుట్లు 18,000 కు తగ్గించి, నడక 900 కు పెంచితిని. ఇప్పుడు భాగింపుడు: 0.05 మిల్లీమీటరు. మునుపటికంటె అయిదింతలు.

పలకయు ముఖ్యము. గిన్నెలు చేయు శుద్ధ అల్యూమినియము మెత్తనిది. కటరు క్రింద జిగురువలె సాగును. మెగ్నీషియమును సిలికానును కొంచెము కలిపి, కాచి గట్టిపరచిన 6061 అను మిశ్రలోహము చక్కగా తెగును. పాత సామానుల అంగడిలో గుర్తులేని పలక చౌకయే. కాని దాని గుణము తెలియదు. అందుచే గుర్తు వేసిన పలకనే కొంటిని.

రెండవది బిగువు. యంత్రముపై డయల్ గేజి నానించి, బండిని చేతితో నెట్టి చూడగా ముల్లు ఊగెను. చక్రముల మరలు ప్రయాణములో వదులైనవి. వానిని సరిచేయగా ఊగుట చాలవరకు తగ్గెను. తరువాత కటరు ఎంత పొడవు బయటకు వ్రేలాడుచున్నదో చూచితిని. ఒక కొన బిగించిన కడ్డీ రెండవ కొనయందు వంగుట, పొడవు యొక్క ఘనము ననుసరించి పెరుగునని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. ముప్పది మిల్లీమీటర్లు వ్రేలాడు కటరును ఇరువదికి కుదించితినా, వంపు 27 నుండి 8 కి దిగును. మూడింతలకు మించిన లాభము, కానియైన ఖర్చు లేదు. వ్యాసము సంగతి యింకను వింత. అది రెట్టింపైనచో వంపు పదునారవ వంతగును. కావున సన్నని కటరు సుకుమారమని మురిసిపోరాదు. పని యొప్పుకొన్నంతవరకు లావైనదియే పెట్టవలెను.

పలకను బల్లపై నాలుగు మూలల బిగించిన చాలదు. నడుమ ఆనిక లేని పలక కంచు పళ్లెమువలె మ్రోగును. ఆ మ్రోత యంతయు అంచుపై అలలుగా నచ్చుపడును. పలక యడుగునను, బల్లమీదను కాగితపు టేపు అతికించి, రెండు టేపుల నడుమ జిగురు వేసి నొక్కితిని. అంతటితో పలక బల్లతో నొకటియై మ్రోగుట మానెను. పని ముగిసిన పిదప టేపు ఊడదీసిన మరక కూడ నుండదు.

మూడవది తురుము. కటరు తన వెడల్పునకు సరిపోవు గాడిలో దిగినచో, కోసిన తురుము పైకి పోజాలక, కటరు క్రిందనే పడి మరల మరల నలుగును. అది కటరుకును హాని, గోడకును గీతలు. అందుచే గాడిని ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పుగా, చిన్న చిన్న సున్నలు చుట్టుచు ముందుకు సాగునట్లు కటరుకు త్రోవ వేసితిని. ప్రతి సున్నలోను అది ప్రక్కగా 0.6 మిల్లీమీటరు మాత్రమే కొరుకును. లోతు మాత్రము మూడు మిల్లీమీటర్లు. ఇచ్చట మరియొక లెక్క. కటరు వ్యాసములో పదవ వంతు మాత్రమే ప్రక్కగా కొరికినప్పుడు, ప్రతి తురుము యొక్క మందము మనమనుకొన్న దానిలో ఆరు పదవ వంతులు మాత్రమే యగును. 0.05 అనుకొన్నది 0.03 అగునన్న మాట. దానిని మరల 0.05 చేయుటకు నడకను 1,500 కు పెంచవలసి వచ్చెను. మెల్లగా నడుపుమన్న మిత్రులు ఈ సంఖ్య విని తలలూపిరి. అది ఒప్పుదల ఊపు కాదు.

తురుమును ఊదివేయుటకు చిన్న గాలి గొట్టమును కటరు ప్రక్కన నమర్చితిని. కుంచెతో కోత నూనెను పలుచగా పూసితిని. కొందరు స్పిరిటు చిలకరింతురు. అది మండు ద్రవము; కార్బను బ్రష్షులు గల మోటారులో నిప్పురవ్వలు పుట్టుచుండును. ఇంటిలో పనిచేయువారికి అది తగదు. నూనె యైనను మితముగా నుండవలెను. అడుగున నున్న చెక్కపొడి బల్ల తడిసిన ఉబ్బి, పలక మట్టము తప్పును.

ఆ దినమున యంత్రమును మరల నడపగా కీచుమను ధ్వని లేదు. తుమ్మెద ఝంకారము వంటి నిలుకడయైన మ్రోత వినబడెను. పొడికి బదులు మెరయుచున్న చిన్న పెచ్చులు, తురిమిన కొబ్బరివలె ప్రక్కకు రాలినవి. అవి వేడిగా నుండెను. యంత్రము నాపి పలకపై చేయి వేయగా నది దాదాపు చల్లగానే యుండెను. పుట్టిన వేడి తురుముతో పాటు వెలుపలికి పోవుచున్నదనుటకు అదియే గుర్తు. లోపలి గదినుండి పెద్దమ్మ కేకవేసి, “నాయనా, నేడు నీ యంత్రము ఏడ్చుట మానినదే!” యనెను. పాదములకు స్పర్శ తగ్గినను ఆమె చెవి చురుకైనది. కోత బాగోగులను కంటికంటె ముందు చెవియే చెప్పునని యానాడు ధ్రువపడినది.

నాలుగవది చివరి వరుస. రూపమంతయు వచ్చిన పిదప అంచున 0.2 మిల్లీమీటరు మిగిల్చి, దానిని ఒకే వరుసలో, పూర్తి లోతున, ఎక్కడను ఆగక కోయించితిని. కటరు దిక్కు కూడ విచారింపవలసినదే. పైనుండి చూచినప్పుడు కటరు పీట చుట్టు గడియారపు ముల్లు దిక్కున సాగినచో, ప్రతి పెచ్చును మందముగా మొదలై పలుచనై ముగియును. అంచు నునుపు దేరును. ఎదురు దిక్కున సాగినచో పెచ్చు శూన్యమునుండి మొదలగును గనుక అంచు ముందు రాచుకొని పిమ్మట తెగును. యంత్రములో వదులున్నప్పుడు మొదటి దిక్కు కటరును లోపలికి లాగికొను నపాయము కలదు. మరలు బిగించినందున మాకు ఆ భయము లేకపోయెను.

ఇంత చేసినను యంత్రము వదలిన అంచుపై సన్నని లోహపు కొస మిగులును. దానిని పనివారు బర్రందురు. ఆకురాయితో అంచులను గుండ్రముగా చేసి, గరుకు కాగితముతో నునుపు పట్టి, వ్రేలితో తడిమి చూచితిని, ఏమియు తగులలేదు. కాని పనిచేసిన వ్రేలు కాయకాచి యుండును. దాని సాక్ష్యము చాలదు. అందుచే దూది పింజ నొకదానిని అంచు పొడవునను మెల్లగా లాగితిని. బర్రున్నచో ఒక్క దారమైనను చిక్కుకొనును. మొదటి పీటలో రెండు తావుల చిక్కెను. వానిని మరల రుద్ది, దూది యెక్కడను నిలువక జారువరకు విడువలేదు. పాదము తెలుపలేని దానిని దూది తెలిపినది.

పీటలు కుర్చీకి బిగించి ఇప్పటికి నాలుగు మాసములు. సాయంత్రము పాదములు కడిగి చూచుట మా యింట ఆచారము. గీరుడు కానరాలేదు.

ఇట్టి పని చేయగోరు బాలబాలికలకు కొన్ని జాగ్రత్తలు చెప్పుట నా విధి. కంటి యద్దములు లేనిదే యంత్రము దగ్గరకు పోరాదు. పెచ్చులు కంటికే గురిపెట్టినట్లు ఎగురును. చెవులకు కాపుదల యుంచుకొనవలెను. తిరుగుచున్న కటరు దగ్గర చేతి తొడుగులు ధరింపరాదు. అవి చిక్కుకొని చేతినే లాగును. వ్రేలాడు జడలను, చీర చెరగులను, కండువాలను బిగించుకొనవలెను. యంత్రము నడచుచుండగా వదలిపోరాదు. అల్యూమినియపు మెత్తని పొడి గాలిలో లేచిన నిప్పంటుకొనగలదు. దానిని ఊడ్చి వేరుగా నుంచవలెను. పెద్దలు దగ్గర లేక పనికి పూనుకొనరాదు.

నిదానమే ప్రధానమను సామెత అబద్ధము కాదు. కాని అది ఎచ్చట చెల్లునో తెలిసికొనవలెను. మర బిగించుటయందు నిదానము కావలెను. పలక నతికించుటయందును, కొలుచుటయందును, భాగహారము చేయుటయందును, దూదితో పరీక్షించుటయందును కావలెను. కటరు లోహమును తాకిన పిమ్మట మాత్రము అది సందేహింపరాదు. తనకు నిర్ణయించిన మందమును నిండుగా కొరుకవలెను. మా పీటలకు రెండు దినములు సిద్ధపాటుకే పట్టినది. కోత పట్టినది గంటకు లోపే. దుక్కి దున్నువాడు నాగలిని మీద మీద పట్టిన నేల గీచబడునే కాని చాలు పడదు. పరీక్షకు కూర్చుండు విద్యార్థులును దీనిని తమకు తగినట్లు అన్వయించుకొందురు గాక.